పాత చీరలతో జంపఖానా నేయించుకున్నా, ఆర్నెల్ల తర్వాత రివ్యూ

వరంగల్ కొత్తవాడలో నేయించి ఆర్నెల్లయింది, అప్పుడే రాయలేదు ఎందుకంటే ఇలాంటివి మొదటి వారం అన్నీ బాగానే ఉంటాయి, నాలుగు ఉతుకులు పడ్డాకే అసలు రంగు బయటపడేది.

వరంగల్ జంపఖానాలంటే కొత్తవాడే, 2018లో జీఐ (ఆ ప్రాంతం సరుకే అని ఇచ్చే గుర్తింపు) కూడా వచ్చింది. అవి నూలుతో నేసేవి, నాకు కావాల్సింది మాత్రం పేలికలది. అమ్మ కట్టి కట్టి మెత్తబడిపోయిన ఐదు చీరలు, చిరిగిన డబుల్ బెడ్‌షీట్ ఒకటి పట్టుకెళ్ళా. నేసే పెద్దాయన ఒక్కోటి వేళ్ళతో నలిపి చూసి ఒక చీర వెనక్కిచ్చేశాడు, "ఇది పాలిస్టర్ కలిసిందమ్మా, జారుతది" అని. జరీ అంచులు కూడా కోసేయమన్నాడు, కాళ్ళకి గుచ్చుకుంటాయట.

గుడ్డ గట్టిదైతే చాలనుకున్నా నేను. కాదట, ముందు అరిగేది పేలిక కాదు, దాని మీంచి వెళ్ళే పడుగు దారం, అంటే మగ్గం మీద ముందే నిలువుగా పోసి ఉంచే దారం. సన్న దారం దూరం దూరంగా పోస్తే లావు పేలిక మీద ఉబ్బెత్తుగా నిలబడి మన కాళ్ళ కిందే అరిగి తెగుతుంది, ఒక్కటి తెగిందా పేలికలు ఊడి బయటికొస్తాయి. ఇంతకుముందు ఆన్‌లైన్‌లో 600 పెట్టి కొన్నది రెండు నెలలకే అలా ఎందుకైందో అప్పుడర్థమైంది. దీనికి లావు పడుగు దగ్గర దగ్గరగా పోశాడు, పేలిక వేసిన ప్రతిసారీ బాగా దగ్గరికి కొట్టాడు, వేలు పెట్టి నెట్టినా సందు రాదు. ఇంకోటి, పేలికలు ముడేయకుండా కుట్టి కలిపాడు, అందుకే కాలికి ఎక్కడా తగలదు.

మైనస్‌లు లేవా అంటే ఉన్నాయి. రెండు వారాలన్నది ఐదు వారాలు పట్టింది, ఫోన్ చేస్తే ప్రతిసారీ "ఎల్లుండి". ఒక అంచు కాస్త వంకర. ఎర్ర చీర రంగు మొదటి ఉతుకులో దిగి పక్క చారలన్నీ గులాబీ అయ్యాయి, ఇది నా తప్పే, ఇచ్చే ముందు నీళ్ళలో నానబెట్టి చూడాల్సింది. మూడడుగులు బై ఐదడుగులే కానీ తడిస్తే ఇద్దరం పట్టుకోవాలి, వానాకాలంలో ఆరడానికి రెండ్రోజులు.

మజూరీ 1,400 అయింది, వర్త్ అనే అంటా. హాల్లో గుమ్మం దగ్గరే పడేసి ఉంచా, ఒక్క దారం లేవలేదు. ఇంకోటి నేయిద్దామంటే ఇంట్లో మిగిలినవన్నీ ఆ జారే చీరలే.