ఫేసిట్ సి1-13: చేత్తో తిప్పే లెక్కల మిషన్‌తో చాన్నాళ్ల కాపురం

ఎవరూ కొనని వస్తువుకి సమీక్ష ఎందుకని అడగొచ్చు. కొంటున్నారు. పాత సామాన్ల కొట్లలో, ఆన్‌లైన్‌లో ఫేసిట్ మిషన్లు ఇంకా దొరుకుతున్నాయి. షోకేసులో పెట్టుకోడానికి తీసుకునేవాళ్లే ఎక్కువ. నేను మాత్రం ఉద్యోగం కోసం దీన్ని తిప్పినవాణ్ణి. డెబ్బైల్లో ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ల్యాబ్‌లో మొదలుపెట్టి, తర్వాత అర్థగణాంక శాఖలో చాలా ఏళ్లు వాడాను. ఆఫీసు పాత సామాను వేలం వేసినప్పుడు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాను. అది ఇప్పటికీ తిరుగుతోంది.

దీనికి కరెంటు అక్కర్లేదు. మీటలు నొక్కి అంకె ఎక్కిస్తాం, కుడిపక్క పిడి ముందుకి ఒక చుట్టు తిప్పితే కూడిక, వెనక్కి తిప్పితే తీసివేత. గుణకారమంటే అదే కూడిక మళ్లీ మళ్లీ. 26తో గుణించాలంటే ఆరు చుట్లు, ఒక స్థానం జరిపి రెండు చుట్లు. 9 వచ్చిందంటే తొమ్మిది చుట్లు తిప్పేవాడు కొత్తవాడని అర్థం. చెయ్యి తిరిగినవాడు ఒకసారి వెనక్కి తిప్పి, స్థానం జరిపి ఒకసారి ముందుకి తిప్పేస్తాడు, పదిలోంచి ఒకటి తీసేస్తే తొమ్మిదే కదా. భాగహారంలో గంట మోగేదాకా, అంటే తీసివేత సున్నా దాటేదాకా, వెనక్కి తిప్పుతూ పోవడం, మోగగానే ఒక చుట్టు ముందుకి తిప్పి సరిచెయ్యడం, స్థానం జరపడం. ల్యాబ్‌లో అందరూ ఒకేసారి భాగహారాలు చేస్తుంటే ఆ గంటల మోత గుడిలో హారతి వేళకేమీ తీసిపోదు.

ఆఫీసులో మాకు దీని అవసరం ఎక్కువగా పంట కోత ప్రయోగాల దగ్గర పడేది. వరి చేలో 5 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు మడి కొలిచి, కోసి, నూర్చి తూకం వేస్తారు. 25 చదరపు మీటర్ల దిగుబడిని 400తో గుణిస్తే హెక్టారు లెక్క వస్తుంది. మిషన్ మీద అంటే రెండు స్థానాలు జరిపి నాలుగు చుట్లు. ఫలితం చెరపకుండా తర్వాతి మడి అంకె ఎక్కిస్తే మొత్తం దానంతటదే పేరుకుంటూ పోతుంది.

దీని అసలు సత్తా స్టాటిస్టిక్స్ వాళ్లకే తెలుసు. సహసంబంధం, అంటే x, y అనే రెండు కొలతలు ఎంతవరకు కలిసి పెరుగుతాయో తరుగుతాయో చెప్పే అంకె, కట్టాలంటే x వర్గాలు, y వర్గాలు, రెండింటి లబ్ధాలు కావాలి. x 23, y 41 అనుకోండి. 230041 ఎక్కించి, దాన్ని దానితోనే గుణించండి. ఒకటి, నాలుగు, రెండు సున్నాలు దాటేసి మూడు, రెండు, మొత్తం పది చుట్లు. ఫలితం చూపించే కిటికీలో 52918861681 కనిపిస్తుంది. దాన్ని 529, 1886, 1681గా విడదీసి చదవాలి. మొదటిది 23 వర్గం, చివరిది 41 వర్గం, మధ్యది 23, 41 లబ్ధానికి రెట్టింపు. ఒకే గుణకారంలో మూడూ వచ్చేశాయి! జతలు పెరిగేకొద్దీ ఒక మొత్తం పక్కదాని మీదికి ఎక్కుతుంది కాబట్టి మధ్యలో సున్నాలు ఎక్కువ పెట్టుకోవాలి. 13 అంకెల కిటికీ కాబట్టి దానికీ హద్దుంది. ఇప్పటి కాలిక్యులేటర్ ఇవన్నీ నోరెత్తకుండా చేసిపెడుతుంది, కాదనను. కానీ ఏ అంకె ఎక్కణ్ణించి వచ్చిందో దీనిమీద కళ్లారా చూస్తాం.

ఇబ్బందులు లేకపోలేదు. కాగితం మీద ముద్ర పడదు. ఎక్కడో ఒక అంకె తప్పు ఎక్కించామన్న అనుమానం వస్తే మొదటికి రావాల్సిందే. సాయంత్రానికి భుజం లాగేస్తుంది. చుట్టు మధ్యలో మనసు మార్చుకుని వెనక్కి తిప్పబోతే పట్టేస్తుంది, పూర్తి చుట్టు తిప్పి తీరాలి. నూనె విషయంలోనూ జాగ్రత్త. మా ఊళ్లో ఒక మెకానిక్ ఏదో చేతికందిన నూనె పోస్తే, కొన్నాళ్లకి అది జిగురై పళ్లన్నీ బిగిసిపోయాయి. విప్పి కిరసనాయిలుతో కడిగించాక గానీ దారికి రాలేదు.

దీన్ని చేసినవాళ్ల కథ కూడా చెప్పాలి. స్వీడన్‌లో ఓట్విడాబెర్గ్ అనే చిన్న ఊరు. అక్కడ ఆఫీసు బల్లలు, కుర్చీలు చేసే కంపెనీ 1922లో ఫేసిట్ అనే లెక్కల మిషన్ల వ్యాపారాన్ని తీసుకుంది. అప్పటికే సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో స్థిరపడిన స్వీడన్ ఇంజనీరు ఓడ్నర్ రూపొందించిన పళ్ల చక్రాల పద్ధతి ప్రపంచమంతా పాకింది. ఎక్కించిన అంకెకి తగ్గట్టు చక్రం నుంచి అన్ని పళ్లు బయటికి వస్తాయి. ఆ పాత మిషన్లలో ఒక్కో అంకెకి ఒక్కో పుల్ల జరపాలి. 1932లో కార్ల్ రూడిన్ ఆ బాధ తప్పించి పది మీటలతో ఫేసిట్‌ని తయారుచేశాడు. అంకెల చక్రాల గుత్తి మిషన్ లోపలే జరుగుతుంది, బయటికి పొడుచుకు రాదు. నా దృష్టిలో ఆ కంపెనీ చేసిన గొప్ప పని ఇదొక్కటే, ఆ తర్వాత నలభై ఏళ్లూ దాని మీదే బతికింది. టైప్‌రైటర్లు చేసే హాల్డా కంపెనీని, ఓడ్నర్ పేరుతో నడిచే కంపెనీని కూడా కొనేసింది. మనకు మద్రాసు పక్కన పెరుంగుడిలో తయారైన ఫేసిట్ టైప్‌రైటర్లు టైపు ఇన్‌స్టిట్యూట్‌లకి వెళ్లినవాళ్లకి గుర్తుండే ఉంటాయి.

1970 నాటికి ఫేసిట్‌లో దాదాపు 14,000 మంది పనిచేసేవారు. అప్పటికే జపాన్ హయకావా కంపెనీ, అంటే తర్వాతి షార్ప్, 1964లోనే ట్రాన్సిస్టర్ల కాలిక్యులేటర్ తెచ్చేసింది. ఫేసిట్ వాళ్లు కళ్లు మూసుకుని కూర్చున్నారని చాలామంది రాస్తారు. అది పూర్తిగా నిజం కాదు. హయకావాతో ఒప్పందం చేసుకుని ఆ ఎలక్ట్రానిక్ మిషన్లని తమ పేరుతో అమ్మారు కూడా. ఫ్యాక్టరీలు, నైపుణ్యం, లాభం మాత్రం అన్నీ పళ్ల చక్రాల చుట్టూనే ఉండిపోయాయి. ధరలు కుప్పకూలేసరికి తట్టుకోలేక, 1973లో ఎలక్ట్రోలక్స్ చేతికి పోయింది. విచిత్రమేమిటంటే, కంపెనీ అండతో ఎదిగిన ఆ ఊరి ఫుట్‌బాల్ జట్టు సరిగ్గా 1972లో, 1973లో స్వీడన్ ఛాంపియన్ అయింది. కంపెనీ మునుగుతుంటే జట్టు కప్పులు ఎత్తుతోంది!

వాళ్లక్కడ దివాలా అంచున ఉన్న ఆ రోజుల్లోనే మేమిక్కడ ల్యాబ్‌లో ఫేసిట్ ఖాళీ ఎప్పుడవుతుందా అని వరసలో నిలబడేవాళ్లం. దిగుమతుల మీద ఆంక్షలున్న కాలం, ఎలక్ట్రానిక్ కాలిక్యులేటర్ అంటే మాబోటివాళ్ల చేతికి అందేది కాదు. అందుకే కంపెనీ చేతులు మారాక కూడా మిషన్లు మా బల్లల మీద చాలా ఏళ్లు పనిచేశాయి. నా మిషన్‌లో ఈరోజుకీ ఒక్క పన్నూ అరగలేదు. మన్నిక విషయంలో పదికి పది వేస్తాను. రోజువారీ లెక్కలకి మాత్రం వద్దు, ఇంటి ఖర్చులు నేనూ ఫోన్‌లోనే కూడుకుంటాను. లెక్కల పాఠం చెప్పేవాళ్లకైతే తప్పక చెప్తాను. 1, 3, 5, 7 ఇలా బేసి సంఖ్యల్ని తీసేస్తూ పోతే 16కి నాలుగు చుట్లలో సున్నా వస్తుంది. ఆ తిప్పిన లెక్కే వర్గమూలం. ఇది పిల్లలకి నోటితో చెప్పడం కంటే పిడి చేతికివ్వడం సులువు.

కొనేముందు ఒక పరీక్ష చెయ్యండి. అన్నీ చెరిపేసి, 1 ఎక్కించి, ఒక చుట్టు వెనక్కి తిప్పండి. గంట మోగాలి, కిటికీలో వరసగా 9లు పడాలి. ఇప్పుడు ఒక చుట్టు ముందుకి తిప్పండి, అన్నీ సున్నాలు కావాలి. మధ్యలో ఏ ఒక్క అంకె ఆగిపోయినా, పెయింట్ ఎంత మెరుస్తున్నా, సగం ధరకి ఇస్తానన్నా తీసుకోకండి.