కడప నుంచి సర్ఫింగ్‌కు: కోవళం మేలా, ముల్కి మేలా?

సర్ఫింగ్, అంటే బోర్డుపై నిలబడి అలల మీద సాగడం, నేర్చుకోవాలని కడప నుంచి బయలుదేరేవారు ముందు ఊరిని ఎంచుకొని, ఆ తర్వాత పిల్లల సెలవులను బట్టి తేదీలు చూసుకుంటారు. మొదటిసారి నేనూ అలాగే చేశాను. నవంబరులో చెన్నై దగ్గరి కోవళానికి కుటుంబంతో వెళ్ళి, రెండు రోజులూ గదిలో కూర్చొని వానను చూసి, బోర్డును తాకకుండానే తిరిగి వచ్చాము. 2021 నవంబరులో చెయ్యేరు వరదకు అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగిన సంగతి మన జిల్లాలో ఎవరూ మరచిపోలేదు. ఆ ఈశాన్య రుతుపవనాల కాలంలోనే తూర్పు తీరానికి వెళ్ళడం నా పొరపాటు. అందువల్ల ముందు నెలను నిర్ణయించుకోవాలని, ఊరిని దాన్ని బట్టి ఎంచుకోవాలని నా గట్టి అభిప్రాయం.

నేను చెప్పే కోవళం కేరళలోనిది కాదు. చెన్నైకి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, ఈస్ట్ కోస్ట్ రోడ్డు పక్కన ఉన్న మత్స్యకారుల పల్లె. ముల్కి కర్ణాటకలో, మంగళూరుకు ఉత్తరంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, శాంభవి నది అరేబియా సముద్రంలో కలిసే చోట ఉంది.

ప్రయాణం విషయంలో కోవళమే సులువు. ముంబై–చెన్నై రైలు మార్గం కడప మీదుగానే పోతుంది కాబట్టి వారాంతపు సెలవులకు ఒక రోజు కలుపుకుంటే చాలు. బస్సులో వెళ్తే మాధవరంలో దిగవలసి వస్తుంది. అది నగరానికి ఉత్తరపు కొసన, కోవళం దక్షిణాన ఉన్నందువల్ల, సామానుతో చెన్నై మొత్తం దాటేసరికే పిల్లలు అలసిపోతారు. ముల్కికి బెంగళూరు చేరి, అక్కడి నుంచి మంగళూరుకు మరో సుమారు 350 కిలోమీటర్లు పోవాలి. ఐదు రోజులు లేనిదే ఆ ప్రయాణం పెట్టుకోవద్దు. అనంతపురం వారికి బెంగళూరు దగ్గర కనుక ఇంత భారం ఉండదు.

నీటి విషయంలో మాత్రం ముల్కి నాకు ఎక్కువ నచ్చింది. మనలో చాలామంది బావిలో నడుముకు బెండు కట్టుకొని ఈత నేర్చుకున్నవారమే. నిలకడ నీటిలో ఎంత బాగా ఈదినా, మోకాలి లోతులో వచ్చి తాకే అల కాళ్ళ కింది ఇసుకను లాగేసినప్పుడు గుండె జారుతుంది. ముల్కిలో ముందు నది నీటిలో నిలబడి తెడ్డు వేసే బోర్డుపై తూకం నేర్చుకొని, భయం పోయాక సముద్రంలోకి దిగవచ్చు. కోవళంలో నేరుగా సముద్రమే. అయినా అక్కడి శిక్షకులలో చాలామంది సముద్రం మీద పెరిగిన మత్స్యకార కుటుంబాల యువకులే కావడంతో, ఏ అలను వదిలేయాలో, ఏ అలకు బోర్డును తోయాలో వారికి కంటిచూపుతోనే తెలుస్తుంది. మా చిన్నవాడిని ఇసుకలోనే బోర్డుపై బోర్లా పడుకోబెట్టి, చేతులు పక్కటెముకల దగ్గర ఆనించి ఒక్క ఊపున లేవడం పదిహేను సార్లు చేయించాకే నీటిలోకి తీసుకువెళ్ళారు.

దసరా సెలవులు దాటాక డిసెంబరు చివరి వరకు వెళ్ళదలచినవారు దూరమైనా ముల్కినే ఎంచుకోవాలి. జూన్ నుంచి సెప్టెంబరు వరకు పడమటి తీరంలో నైరుతి వానలు, పెద్ద అలలు ఉంటాయి. బెంగళూరు–మంగళూరు దారిలోని శిరాడి ఘాట్‌లో కొండచరియలు విరిగిపడి దారి మూతపడడమూ కద్దు. కాబట్టి ఆ నెలల్లో ముల్కి వద్దు. సంక్రాంతి తర్వాత మార్చి వరకు కోవళం అలలు కొత్తవారికి అనువుగా ఉంటాయి. ఈత రాని పెద్దవారు వెంట ఉంటే, ఆ నెలల్లో కూడా నేను ముల్కి వైపే మొగ్గుతాను.

ఎక్కడికి వెళ్ళినా పొడుగు చేతుల ఈత చొక్కా తీసుకువెళ్ళండి. బోర్డు రాపిడికి పొట్ట, మోచేతులు ఎర్రగా కందిపోతాయి. గది బుక్ చేయడానికి ముందే శిక్షకుడికి ఫోన్ చేసి, మీ ఇంట్లో ఎవరెవరికి ఈత రాదో స్పష్టంగా చెప్పండి.