పెరటి కూరగాయలు: మనిషిని పెట్టి చూశాను, నేనే చేసి చూశాను

పెరట్లో కూరగాయలు పెంచడానికి మనిషిని పెట్టుకుంటే మంచిదా, మనమే చేసుకుంటే మంచిదా? ఈ రెండూ చేసి చూడటానికి నాకు ఐదేళ్లు పట్టింది. మొదటి రెండేళ్లు వారానికి రెండుసార్లు వచ్చే తోటమాలికి అప్పజెప్పాను. తర్వాత రెండేళ్లు ఎవరి సాయం లేకుండా నేనే చేశాను. ఈ ఏడాది సగం సగం.

ముందు ఆయన పనితనం గురించి చెప్పాలి. గట్టిపడిపోయిన నేలని రెండు రోజుల్లో మూరెడు లోతు తవ్వి, రాళ్లు ఏరి, మాగిన పశువుల ఎరువు కలిపి మడులు కట్టారు. నేను మొదలుపెడితే నెల పట్టేది, నడుం పోయేది. నారుమడి తడిపి, వేళ్లకి మట్టి అంటుకుని ఉండగానే నారు ఎత్తడం ఆయన్ని చూసే నేర్చుకున్నాను.

చిక్కల్లా రోజులతోనే. ఆయన వచ్చేది సోమ, శుక్రవారాలు. బెండకాయకి ఆ లెక్క తెలియదు. పువ్వు రాలిన నాలుగైదు రోజుల్లో కోయకపోతే పీచు పట్టేస్తుంది. సోమవారం వేలెడున్న కాయ శుక్రవారానికి ముదిరి కూర్చునేది. ముదురు కాయలు చెట్టునే ఉంటే కొత్త పూత కూడా తగ్గుతుంది. నేను కోసుకోవచ్చు కదా అంటారా? మనిషిని పెట్టుకున్నాక మనం పెరట్లోకి తొంగి చూడటమే మానేస్తాం. నా మటుకు అదే జరిగింది.

ఒక్క విషయంలో మాత్రం ఆయన మీద నిజంగానే కోపం వచ్చింది. పేనుబంకకి ఏదో మందు కొట్టి నాకు చెప్పలేదు. మర్నాడే మేం వంకాయలు కోశాం. కొట్టాక ఎన్ని రోజులు ఆగి కోయాలో మందు డబ్బా మీదే ఉంటుంది. ఎవరిని పెట్టుకున్నా ఈ మాట మొదటి రోజే తేల్చుకోండి.

ఇక బీరతీగ. పందిరంతా అల్లుకుంది, విరగబూసింది, కానీ పిందెలు వేలెడన్నా కాకుండానే పసుపెక్కి రాలిపోయేవి. ఎరువు చాలలేదని నేను, తెగులని ఆయన. రెండేళ్లూ ఇదే వాదన. ఒంటరిగా చేసుకుంటున్నప్పుడు ఓ సాయంత్రం తొట్టి నింపుతూ పైకి చూస్తే, పొద్దున్న ముడుచుకుని ఉన్న మొగ్గలన్నీ విచ్చుకుంటున్నాయి. బీర పూసేదే సాయంత్రం. మగపువ్వు వేరు, ఆడపువ్వు వేరు. ఆడపువ్వుకి కింద చిన్న పిందె ఉంటుంది. పుప్పొడి అందకపోతే ఆ పిందె నిలవదు. ఓ మగపువ్వు తెంపి, రేకులు వెనక్కి మడిచి, ఆడపువ్వు మధ్యలో మెల్లగా రుద్దాను. వేళ్లకి పసుపు అంటింది. ఆ పిందెకి గుర్తుగా దారం కట్టాను. నాలుగో రోజుకి దారం పక్కనున్నవి రాలాయి, అది మాత్రం కిందికి సాగింది. పొద్దున్న వచ్చి ఎండెక్కేలోపు వెళ్లిపోయే మనిషికి ఇదెలా తెలుస్తుంది?

అలాగని నా చేతిలో తోట వెలిగిపోయిందనుకోకండి. వంగ కొమ్మల చివర్లు వాలిపోతుంటే నీళ్లు చాలలేదనుకుని ఇంకా పోశాను. లోపల పురుగు తొలుస్తోంది. ఆ చివర్లు తుంచి పారేయాలని తెలిసేసరికి పురుగు కాయల్లోకి దిగింది. టమాటాలకి రెండు రోజులు నీళ్లు మర్చిపోవడం, మూడో రోజు ముంచెత్తడం. నీటితడి అలా ఎగుడుదిగుడైతే కాయకి కాల్షియం సరిగ్గా అందదు, అడుగు నల్లగా కుళ్లిపోతుంది. మొదటి కాపులో సగం అలాగే పోయింది. పది రోజులు ఊరెళ్లాలంటే అదో టెన్షన్. డ్రిప్పుకి టైమర్ పెట్టాక కొంచెం నయం.

ఇప్పుడు తవ్వకం, ఎరువు కలపడం, పందిరి వేయడం ఆయనవి. రోజూ ఇరవై నిమిషాలు తిరగడం, ఆకులు తిప్పి చూడటం, కోతలు నావి. ఆ ఇరవై నిమిషాలు కుదరనివాళ్లు మనిషిని పెట్టుకున్నా ఆకుకూరలతో సరిపెట్టుకోవడం మేలు. నెల రోజుల్లో కోతకొస్తాయి, చీడ పట్టినా నష్టం తక్కువ.

మొన్న పందిరి కర్రలు మార్చడానికి వచ్చినప్పుడు, బీరపువ్వు ఎలా రుద్దుతానో చూపించమన్నారు ఆయన. పొద్దున్న తొమ్మిదైంది. విచ్చుకున్న పువ్వు ఒక్కటీ లేదు.