ఫ్రీలాన్స్ డిజైన్ సైట్ల మీద బతికి చూశాక: శ్రీకాకుళం నుంచి ఒక సమీక్ష

తీర్పు ముందే చెప్పేస్తాను. ఫ్రీలాన్స్ డిజైన్ సైట్లు (ఉద్యోగంలా కాకుండా ఒక్కో పని విడిగా దొరికే ఫైవర్, అప్‌వర్క్ లాంటివి) పనికొస్తాయి. శ్రీకాకుళంలో ఇంటి అద్దె, కరెంటు బిల్లు, పాప స్కూలు ఫీజు అన్నీ వాటి మీద వచ్చే డబ్బుతోనే గడుస్తున్నాయి. కానీ డిజైన్ వస్తే చాలు పని దొరుకుతుందనే మాట మాత్రం నమ్మకండి. డిజైన్ వచ్చినవాళ్లు అక్కడ కుప్పలుతెప్పలుగా ఉన్నారు. నాకు అన్నం పెట్టింది పాలకొండ రోడ్డులో ఒక ప్రింటింగ్ ప్రెస్‌లో డీటీపీ ఆపరేటర్‌గా (ప్రింటుకి వెళ్లే పేజీలు కంప్యూటర్లో కూర్చేవాడిగా) నేర్చుకున్న పని. ‘ఇంట్లో కూర్చుని నెలకు లక్ష’ అనే వీడియోల్లో ఈ ముక్క ఎవరూ చెప్పరు. అందుకే ఇక్కడ కాస్త ఎక్కువగా రాస్తున్నాను.

మొదలుపెట్టింది 2019లో. పగలంతా ప్రెస్‌లో శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు. పేజ్‌మేకర్, కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్లు, తెలుగుకి అను ఫాంట్లు, ఇదే లోకం. రథసప్తమికి అరసవల్లి దారిలో కట్టే స్వాగతం బ్యానర్లో ఏ నాయకుడి ఫొటో ఎంత సైజులో ఉండాలో తేలడానికి పట్టే టైం, బ్యానర్ డిజైన్ చేయడానికి పట్టేది కాదు. రాత్రి భోజనాలయ్యాక ఫైవర్‌లో, ఆ తర్వాత అప్‌వర్క్‌లో ఖాతాలు తెరిచాను. ప్రెస్ ఉద్యోగం మానింది మాత్రం చాలా తర్వాత, సైట్ల మీద వచ్చేది వరసగా కొన్ని నెలలు జీతాన్ని దాటాకే. ఇది ఎవరికైనా చెప్పే మాటే: నెల జీతం ఉండగానే మొదలుపెట్టండి. చేతిలో డబ్బు లేని డిజైనర్ ఏ రేటుకైనా ఒప్పేసుకుంటాడు, కొనేవాళ్లకి అది ఇట్టే తెలిసిపోతుంది.

ఫైవర్‌లో మనం కొట్టు పెట్టుకుని కూర్చుంటాం, కొనేవాడు వెతుక్కుంటూ వస్తాడు. అప్‌వర్క్‌లో పని ఇచ్చేవాడి గుమ్మం దగ్గరికి మనమే వెళ్లి అడగాలి. తేడా అంతే, కానీ ఆ తేడాతో రోజు గడిచే తీరే మారిపోతుంది.

ఫైవర్ 20 శాతం తీసుకుంటుంది. వంద డాలర్ల పనికి మనకు దక్కేది 80. కొన్నవాడు సంతోషపడి టిప్ ఇచ్చినా అందులోనూ అదే కోత. డెలివరీ ఇచ్చాక మూడు రోజులు అవతలివాళ్లు ఏమీ అనకపోతే ఆర్డర్ దానంతటదే పూర్తయినట్టు లెక్క. అక్కడి నుంచి మామూలు సెల్లర్‌కి 14 రోజులు, టాప్ రేటెడ్ (పై స్థాయి) వాళ్లకి 7 రోజులు ఆగితేగానీ డబ్బు చేతికి రాదు. అంటే ఈ రోజు మొదలుపెట్టిన పని డబ్బుతో ఈ నెల అద్దె కడతానంటే కుదరదు. దీన్ని ముందే లెక్కలో పెట్టుకున్నవాళ్లకి టెన్షన్ ఉండదు. మిగతా విషయాల్లో ఫైవర్ నాకు నచ్చింది. ఏం చేస్తాం, ఎంతకి చేస్తాం, ఎన్నిసార్లు మార్పులు చేస్తాం అన్నది ముందే రాసి పెట్టేస్తాం కాబట్టి బేరాలు తక్కువ. మన ఊళ్లో ‘తమ్ముడూ, ఆ రంగు కొంచెం మార్చు’ అంటూ మొదలై అర్ధరాత్రి దాకా సాగే మార్పులకి అక్కడ ఒక గీత ఉంటుంది.

అప్‌వర్క్‌లో పని అడుగుతూ పంపే ప్రతి ప్రపోజల్‌కీ కనెక్ట్స్ అనే టోకెన్లు ఖర్చవుతాయి, ఒక్కొక్కటి 15 సెంట్లు. పని వచ్చినా రాకపోయినా ఆ డబ్బు పోయినట్టే. నేను చేరినప్పుడు ఒక్కో క్లయింట్ దగ్గర మొదటి 500 డాలర్ల మీద 20 శాతం కోసేవాళ్లు, ఆ పైన శాతం తగ్గేది. 2023లో అందరికీ 10 శాతం చేశారు. 2025 నుంచి కొత్త కాంట్రాక్టులకు 0 నుంచి 15 శాతం మధ్య ఎంతన్నది కాంట్రాక్టును బట్టి చెబుతున్నారు. గంటల లెక్క పనిలో వాళ్ల యాప్ పది నిమిషాలకోసారి స్క్రీన్ ఫొటో తీస్తుంది. కొందరు దీన్ని అవమానంగా తీసుకుంటారు గానీ నాకు అది రక్షణ. చేసిన గంటలకి డబ్బు రాదేమోనన్న భయం ఉండదు. పైగా ప్రెస్‌లో యజమాని వెనక నిలబడి చూసేదానికన్నా ఇది నయం. పెద్ద పనులు, నెలల తరబడి నడిచే పనులు నాకు దొరికింది అప్‌వర్క్‌లోనే. ఆరంభంలో మాత్రం ఫైవర్ సులువు.

లోగో పోటీలు పెట్టే సైట్ల గురించి ఒక్క ముక్క: గెలిచినవాడికే డబ్బు, మిగతావాళ్ల శ్రమ గాలికి. చేయి తిరగడానికి ఒకటి రెండు చేయండి, బతకడానికి కాదు.

చేదు అనుభవాలూ ఉన్నాయి. ఒక సైట్లో (పేరెందుకు లెండి) పని పూర్తయి, మంచి రివ్యూ కూడా ఇచ్చాక, కొన్నవాడు కార్డు కంపెనీకి ఫిర్యాదు చేసి డబ్బు వెనక్కి లాగేసుకున్నాడు. ఫైళ్లు వాడి దగ్గరే ఉన్నాయి. సపోర్ట్‌వాళ్లు ప్రతిసారీ ఎంతో మర్యాదగా అదే జవాబు పంపారు. అప్పటి నుంచి పెద్ద పనిని ముక్కలుగా విడగొట్టి, ఒక ముక్కకి డబ్బు ఖరారయ్యాకే తర్వాతది మొదలుపెడుతున్నాను. ‘టెలిగ్రామ్‌లోకి రండి’, ‘ముందు డిపాజిట్ కట్టండి’ అనే మెసేజ్‌లు కొత్త ఖాతాలకే ఎక్కువ వస్తాయి. పని ఇచ్చేవాడు మన దగ్గర డబ్బు అడిగాడంటే అది పని కాదు.

ఇక అసలు సంగతి. అందరిలాగే నేనూ ముందు లోగోలు పెట్టాను. ఆ లైన్లో బంగ్లాదేశ్, పాకిస్తాన్, ఫిలిప్పీన్స్ నుంచి నాకన్నా బాగా, నాకన్నా చవగ్గా చేసేవాళ్లు ఉన్నారు. నిలకడైన పని దొరికింది డల్లాస్‌లో ఉండే ఒక తెలుగు కుటుంబం శుభలేఖతో. వాళ్లు అప్పటికే వేరే డిజైనర్‌తో చేయించుకున్నారు. బొమ్మలు బ్రహ్మాండంగా ఉన్నాయి, తెలుగే ముక్కలైపోయింది. ‘శ్రీ’లో రవొత్తు పక్కకి జరిగిపోయింది, ‘లక్ష్మి’లో ఒత్తులు విడిపోయాయి. పెళ్లికూతురి నాన్నగారు ఫోన్లో ఇంచుమించు ఏడ్చినంత పని చేశారు.

కారణం చిన్నదే. ఫొటోషాప్ పాత వెర్షన్లు మామూలు సెట్టింగ్‌లో తెలుగు యూనికోడ్ (ఏ కంప్యూటరైనా తెలుగుగానే గుర్తించే) అక్షరాలని కలిపి రాయలేవు. వాటిలో ప్రిఫరెన్సెస్‌లో టైప్ దగ్గరికి వెళ్లి వరల్డ్ రెడీ లేఅవుట్ ఎంచుకోవాలి. ఇంకా పాతవాటిలో అదే మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్ అని ఉంటుంది. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్‌లో అయితే వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్. మన ప్రెస్సుల్లో చాలామందికి ఇది తెలియదు, ఎందుకంటే అను ఫాంట్లు యూనికోడ్ కావు, వాటికి ఈ గొడవ లేదు. కానీ అను ఫాంట్లతో చేసిన ఫైల్‌ని ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో తెరిస్తే పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. విదేశాల్లో ఉన్నవాళ్లకి పంపేటప్పుడు అక్షరాలని కర్వ్స్ చేసి (ఫాంట్ అక్కర్లేని గీతలుగా మార్చి) పంపాలి, లేదా యూనికోడ్ ఫాంట్ వాడాలి.

అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన తెలుగు ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి: మండలి, రామభద్ర, సూరన్న, ఎన్టీఆర్, ఇంకా ఎన్నో. వ్యాపారానికి వాడుకున్నా లైసెన్స్ చిక్కు లేదు. వాటిలో గురజాడ, గిడుగు అనే పేర్లతో కూడా ఫాంట్లున్నాయి. ఒకాయన విజయనగరంలో బతికినవారు, ఇంకొకాయన శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టినవారు. గిడుగు ఫాంట్ శీర్షికలకి బాగుంటుంది. పేరాలకి మాత్రం నేను మండలి దాటి వెళ్లను.

ఆ శుభలేఖ సరిచేసి పంపాక వాళ్ల బంధువులు, వాళ్ల స్నేహితులు, అలా అన్నప్రాసనలు, గృహప్రవేశాలు, తెలుగు సంఘాల ఉగాది సావనీర్లు వరసకట్టాయి. నా గిగ్‌లో (ఫైవర్‌లో నా పని వివరాలు పెట్టిన పేజీలో) ‘లోగో’ అన్న మాట తీసేసి ‘తెలుగు, ఇంగ్లీషు శుభలేఖలు’ అని పెట్టాను. వెతికేవాళ్లు తక్కువే, కానీ వెతికినవాళ్లకి కనిపించేది కొద్దిమందే.

రెండోది ప్యాకింగ్. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేసే మా దూరపు చుట్టం ఒకాయన ఆన్‌లైన్‌లో అమ్మడానికి జిప్ పౌచ్ డిజైన్ చేసిపెట్టమన్నాడు. డబ్ల్యూ 320, డబ్ల్యూ 240 అని గ్రేడ్‌కో పౌచ్. పౌండు బరువుకి సుమారు ఎన్ని పప్పులు తూగుతాయో ఆ అంకె చెబుతుంది, అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది. ఆ పౌచ్ ఫొటోలు పోర్ట్‌ఫోలియోలో పెట్టాక కెనడా నుంచి ఒక మసాలాల చిన్న కంపెనీ వచ్చింది, దాని వెనకే మరికొన్ని.

ప్యాకింగ్‌లో అందంగా గీయడం సగం పనే. పౌచ్‌కి సీలింగ్ పడే అంచులో అక్షరం పెట్టకూడదు. అడుగున మడత పడేచోట బొమ్మ తిరగబడుతుంది. కటింగ్ కోసం చుట్టూ 3 మిల్లీమీటర్లు బ్లీడ్ (కోశాక తెల్ల అంచు మిగలకుండా బయటికి పొడిగించే రంగు) వదలాలి, అమెరికావాళ్లయితే అంగుళంలో ఎనిమిదో వంతు అడుగుతారు. సన్నక్షరాలు నాలుగు రంగుల సిరాలు కలిపిన నలుపులో ఉంటే ప్రింటింగ్‌లో ఏ మాత్రం కదిలినా అంచులు మసకబారతాయి, అందుకే ఒక్క నలుపు ప్లేట్‌లోనే ఉంచాలి. బార్‌కోడ్ గీతలు ఎరుపులో వేస్తే స్కానర్ చదవదు, దాని వెలుగే ఎరుపు మరి. మన దేశంలో అమ్మే ఆహారం మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత సంస్థ) నంబరు, శాకాహారానికి ఆకుపచ్చ చతురస్రంలో ఆకుపచ్చ చుక్క, నికర బరువు, ఎమ్మార్పీ ఉండాలి. అమెరికాకైతే పోషకాల వివరాలుండే న్యూట్రిషన్ ఫ్యాక్ట్స్ పెట్టె కావాలి. స్క్రీన్ మీద మాత్రమే డిజైన్ చేసే కుర్రాళ్లకి ఇందులో చాలా భాగం కొత్త. ప్లేటు పాడైతే ఎంత నష్టమో ప్రెస్‌లో తిట్లు తింటూ నేర్చుకున్నవాడికి ఇవన్నీ నిద్రలోనూ గుర్తుంటాయి. నా రేటు పెరిగింది ఇక్కడే.

ఏఐ వచ్చాక ఏమైందని అందరూ అడుగుతున్నారు. చవక లోగో ఆర్డర్లు నా వరకు దాదాపు మాయమయ్యాయి. బదులుగా ఏఐతో తీసుకున్న బొమ్మ పట్టుకొచ్చి ‘దీన్ని ప్రింటుకి పనికొచ్చేలా వెక్టర్‌గా గీసివ్వండి’ (అంటే ఎంత పెద్దది చేసినా చెదరని గీతలతో) అనేవాళ్లు పెరిగారు. తెలుగు అక్షరాల దగ్గర ఆ టూల్స్ ఇప్పటికీ తరచూ తడబడతాయి. ఇది ఎన్నాళ్లో చెప్పలేను, ప్రస్తుతానికి నా మేలు కోరినట్టే ఉంది.

శ్రీకాకుళంలో ఉండి చేయడం గురించి. న్యూయార్క్ కన్నా మనం తొమ్మిదిన్నర గంటలు ముందుంటాం, చలికాలంలో పదిన్నర. వాళ్లు పొద్దున ఆఫీసుకొచ్చేసరికి మనకు రాత్రి భోజనాల వేళ. కాల్స్ అన్నీ ఎనిమిది, పదకొండు మధ్య పెట్టుకుంటాను, ఆ తర్వాత రాను అని ముందే చెబుతాను. ఎవరూ కాదనలేదు. కరెంటు, నెట్ మామూలు రోజుల్లో పర్వాలేదు. అక్టోబరు, నవంబరుల సంగతి వేరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ చుట్టుపక్కల ఉద్దానం ప్రాంతంలో రోజుల తరబడి కరెంటు లేదు. ఆ రెండు నెలల్లో డెలివరీ గడువు రెండు రోజులు పెంచి పెడతాను. ఫైబర్ కాకుండా వేర్వేరు కంపెనీల సిమ్‌లు రెండు, ఒక ఇన్వర్టర్. ఫైళ్లన్నీ క్లౌడ్‌లో.

డబ్బు ఇంటికి చేరే దారి కూడా తెలుసుకోవాలి. విదేశాల డబ్బు మన బ్యాంకుకి చేర్చే పేపాల్, పయొనీర్ రెండూ వాడాను. రెండింట్లోనూ డాలర్‌ని రూపాయల్లోకి మార్చేటప్పుడు మార్కెట్ రేటుకన్నా తక్కువ ఇస్తారు, ఆ తేడా సైట్ కమీషన్‌కి అదనం. విదేశాల నుంచి వచ్చిన ప్రతి రకం సొమ్ముకీ అది దేనికి వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ ఉంటుంది, పడిన సొమ్ముకి కాగితం తీసి దాచుకోండి. ఏడాదికి 20 లక్షల లోపు సేవలకి జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. ఆ పైకి వెళ్తే ఎగుమతి సేవలకి ఎల్‌యూటీ (లెటర్ ఆఫ్ అండర్‌టేకింగ్ అనే హామీ పత్రం) ఇచ్చి పన్ను కట్టకుండా బిల్లు వేయొచ్చు, దాన్ని ప్రతి ఆర్థిక సంవత్సరం కొత్తగా ఇవ్వాలి. రిటర్న్ ఏ సెక్షన్ కింద వేయాలన్నది ఆడిటర్‌కి వదిలేయండి. రిటర్న్ వేయడం మాత్రం మానొద్దు. బండి లోన్‌కి వెళ్తే బ్యాంకులో మొదటి ప్రశ్న శాలరీ స్లిప్ ఏదని. ఐటీ రిటర్న్‌లు చూపించాకే కుర్చీ చూపించారు.

ఎదురింటి మావయ్యగారు ఇప్పటికీ ‘ఏటి బాబూ, ఇంకా ఇంటికాడే ఉన్నావేటి?’ అంటారు. వాళ్ల మనవడి బారసాల కార్డు చేసింది నేనే, డబ్బు తీసుకోలేదు.

ఎవరికి సిఫార్సు చేస్తాను? ప్రెస్‌లోనో ఫ్లెక్సీ షాపులోనో రెండేళ్లు పనిచేసి, కోరల్ చేయి తిరిగి, నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మెసేజ్ రాయగలిగినవాళ్లకి ఫైవర్‌తో మొదలుపెట్టమంటాను, కాస్త నిలదొక్కుకున్నాక అప్‌వర్క్. డిగ్రీ అవగానే కాన్వా నేర్చుకుని లోగోలు అమ్ముదామనుకునేవాళ్లకి ఈ రెండూ వద్దు, ముందు ఏదో ఒక ప్రెస్‌లో చేరండి. సాఫ్ట్‌వేర్ మీద మొదట్లోనే ఖర్చు పెట్టనక్కర్లేదు, ఇంక్‌స్కేప్, ఫొటోపియా, ఫిగ్మా ఉచిత ప్లాన్ ఆరంభానికి సరిపోతాయి. క్రాక్ చేసిన సాఫ్ట్‌వేర్, ఎక్కడో దింపుకున్న ఫాంట్లు వాడకండి. ప్యాకింగ్ క్లయింట్లలో కొందరు ఫాంట్ లైసెన్స్ చూపించమని రాతపూర్వకంగా అడుగుతారు. నేను అడోబీ చందా మొదలుపెట్టింది ఇన్వర్టర్ కొన్నాకే.