ఫ్రాన్స్ పల్లెల్లో బస: జీత్ ద ఫ్రాన్స్‌ను ఏళ్ల తరబడి వాడిన అనుభవం

తూలూజ్‌లో స్థిరపడినప్పటి నుంచి మా కుటుంబం సెలవులను ఎక్కువగా లోట్, అవేరోన్, దోర్దోన్ జిల్లాల పల్లెల్లోనే గడుపుతోంది. ఆ బసల్లో చాలా వాటిని పల్లె ఇళ్లను సెలవులకు అద్దెకిచ్చే యజమానుల సమాఖ్య అయిన జీత్ ద ఫ్రాన్స్ ద్వారానే కుదుర్చుకున్నాం. పల్లెలు ఖాళీ అవుతున్న రోజుల్లో పాత ఇళ్లను బాగుచేసి అద్దెకిస్తే రైతులకు కొంత ఆదాయం వస్తుందన్న ఆలోచనతో తొలి ఇల్లు 1951లో ఆల్ప్స్ ప్రాంతంలో మొదలైంది. 1955లో జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఆ మూలం ఇప్పటికీ కనిపిస్తుంది. యజమాని సాధారణంగా ఆ ఊళ్లోనో, పక్క ఇంట్లోనో ఉంటారు, తాళం చేతికిచ్చి, సంత ఏ రోజో, రొట్టెల దుకాణం ఎప్పుడు తెరుస్తారో చెప్పి వెళతారు.

ఇళ్లకు 1 నుంచి 5 వరకు గోధుమ కంకుల గుర్తులిస్తారు. ఇవి ప్రధానంగా సౌకర్యాలను, సామగ్రిని కొలుస్తాయే తప్ప ఇల్లు ఉన్న చోటును కాదు. రెండు కంకుల రాతి ఇల్లు లోయ అంచున ప్రశాంతంగా ఉండవచ్చు, నాలుగు కంకుల ఇల్లు లారీలు తిరిగే రోడ్డు పక్కనే ఉండవచ్చు. కాబట్టి నేను కంకుల కన్నా వివరాల పట్టికను శ్రద్ధగా చదువుతాను: గోడ పక్కింటితో కలిసి ఉందా, మెట్లు ఎన్ని, దుకాణాలు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి అన్నవి అందులోనే ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న అమ్మానాన్నలు ఇండియా నుంచి వచ్చినప్పుడు, పడకగది కింది అంతస్తులో ఉందో లేదో యజమానికి ముందే రాసి అడుగుతాను. సమాధానం దాదాపు ఎప్పుడూ స్పష్టంగానే వచ్చింది.

జులై, ఆగస్టుల్లో ఇళ్లను మామూలుగా శనివారం నుంచి శనివారం దాకా వారానికే ఇస్తారు. దుప్పట్లు, తువ్వాళ్లు, చివరి రోజు శుభ్రతకు అయ్యే ఖర్చు, స్థానిక పర్యాటక పన్ను చాలాచోట్ల అద్దెలో కలిసి ఉండవు. చలికాలంలో కొన్ని ఇళ్లలో కరెంటును కూడా మీటరు చూసి వేరుగా లెక్కగడతారు. ఇవన్నీ ఒప్పందంలో రాసి ఉంటాయి కనుక మొత్తం కూడుకున్నాకే ధరలను పోల్చుకోవాలి.

మాకు అన్నిటికన్నా విలువైనది వంటగది. పళ్లేలు, గిన్నెలు, ఫ్రిజ్ అన్నీ ఉంటాయి, కానీ ఇండక్షన్ పొయ్యి ఎదురైతే ఇంటి నుంచి తెచ్చుకున్న అల్యూమినియం కుక్కర్ పనికిరాదు. అడుగు ఉక్కుతో చేసినది తీసుకెళ్లాలి. ఆదివారం మధ్యాహ్నం తర్వాత పల్లెల్లో దుకాణాలు చాలావరకు మూసే ఉంటాయి, అందుకే శనివారమే కూరగాయలు, పెరుగు, బియ్యం కొనిపెట్టుకోవడం మంచిది.

ఒకటి రెండు రాత్రులకైతే వారపు ఇల్లు కన్నా శాంబ్ర్ దోత్, అంటే యజమాని సొంత ఇంట్లోని గది, చక్కగా సరిపోతుంది. చట్టం ప్రకారం ఇలాంటి ఇంట్లో 5 గదులకు, 15 మంది అతిథులకు మించకూడదు, ఉదయపు ఫలహారం ధరలోనే కలిసి ఉంటుంది. కొందరు రాత్రి భోజనం కూడా పెడతారు. అందరికీ ఒకే వంటకాలు, ఒకే బల్ల. శాకాహారులు ఆ విషయాన్ని గది మాట్లాడుకునేటప్పుడే చెప్పాలి, అదీ వివరంగా. పెరిగోర్ ప్రాంతంలో బంగాళాదుంపలను కూడా బాతు కొవ్వులో వేయించే అలవాటుంది, మాంసం వద్దంటే సరిపోదు. అవేరోన్‌లో మాత్రం చీజ్‌తో కలిపి సాగేలా చేసే అలిగో అనే బంగాళాదుంపల ముద్ద మా ఇంటిల్లిపాదికీ నచ్చింది. పొలాల గురించి, పంటల గురించి ఆ బల్ల దగ్గర సాగిన మాటలు నాకు ఏ హోటల్లోనూ దొరకలేదు.

ఇండియా నుంచి షెంగెన్ వీసాకు (ఫ్రాన్స్‌తో పాటు పలు ఐరోపా దేశాలకు చెల్లే వీసా) దరఖాస్తు చేసేవారికి బస రుజువు కావాలి. బుకింగ్ కాగితం మీద ప్రయాణికులందరి పేర్లు, ఇంటి పూర్తి చిరునామా, తేదీలు ఉండేలా యజమానిని అడిగి రాయించుకోవాలి.

కారు లేనివారికి నేను ఈ పద్ధతిని సిఫారసు చేయను. రైలు ఫిజాక్, రోదేజ్ లాంటి పట్టణాల దాకా వస్తుంది, అక్కడి నుంచి కుగ్రామాలకు బస్సులు చాలా తక్కువ. అలాంటివారు స్టేషనుకు నడిచే దూరంలో ఉన్న చిన్న హోటల్నే చూసుకోవాలి.