'ఇద్దరూ రాలేదు': బోతా, ఈదరా, నైదరా?

ఇంటర్వ్యూలకి తయారయ్యే పిల్లలు నన్ను పదే పదే అడిగేది ఒకటే: "'ఇద్దరూ రాలేదు' అని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి సార్?" బోత్ (ఇద్దరూ), ఈదర్ (ఇద్దరిలో ఎవరైనా ఒకరు), నైదర్ (ఇద్దరిలో ఎవరూ కాదు): ఈ మూడు మాటల అర్థాలూ వాళ్ళకి తెలుసు. చిక్కంతా వాక్యంలోకి 'నాట్' వచ్చినప్పుడే.

తెలుగులో 'ఇద్దరూ వచ్చారు', 'ఇద్దరూ రాలేదు' అంటాం. క్రియ మారితే చాలు, 'ఇద్దరూ' అలాగే ఉంటుంది. ఆ అలవాటుతోనే 'బోత్ డిడ్ నాట్ కమ్' అనేస్తాం. మనలో మనకి అర్థమైపోతుంది. కానీ ఆఫీసులో 'బోత్ ఇన్‌వాయిసెస్ ఆర్ నాట్ అప్రూవ్డ్' అని మెయిల్ పెట్టి చూడండి. అవతల అమెరికా క్లయింటుకి రెండూ ఆగిపోయాయనీ తోచవచ్చు, రెండిట్లో ఒకటే ఓకే అయిందనీ తోచవచ్చు. డబ్బు వ్యవహారంలో ఈ అనుమానం మంచిది కాదు. 'నైదర్ ఇన్‌వాయిస్ ఈజ్ అప్రూవ్డ్' అంటే ఇక ప్రశ్నే లేదు. అందుకే రాతలో నా ఓటు నైదర్‌కే.

ఒక్క జాగ్రత్త. 'ఎవరూ రాలేదు' అన్నట్టే 'నైదర్ ఆఫ్ దెమ్ డిడ్ నాట్ కమ్' అని నోటికి వచ్చేస్తుంది. కాదనడం నైదర్‌లోనే ఉంది, మళ్ళీ 'నాట్' అక్కర్లేదు. 'నైదర్ ఆఫ్ దెమ్ కేమ్', అంతే. 'నైదర్ ఆఫ్ దెమ్' తర్వాత 'ఆర్' కూడా మాటల్లో వినిపిస్తుంది గానీ, పరీక్షలో 'ఈజ్' రాయండి.

మాటల్లో నైదర్ కొంచెం బిగుసుకున్నట్టు అనిపిస్తే ఈదర్ హాయి: 'ఐ డిడ్ నాట్ మీట్ ఈదర్ ఆఫ్ దెమ్'. ఇక్కడ 'నాట్' ముందు రావాలి. 'ఈదర్ ఆఫ్ దెమ్ డిడ్ నాట్ కమ్' అంటే కుదరదు.

'నాట్' లేనప్పుడు అంత టెన్షన్ లేదు. ఇంటర్వ్యూ మంగళవారమా, బుధవారమా అని హెచ్‌ఆర్ అడిగితే 'ఈదర్ ఈజ్ ఫైన్' అనండి. ఏదో ఒకటి మీరే చెప్పండి అని మర్యాదగా ఉంటుంది. 'బోత్ ఆర్ ఫైన్' అన్నా తప్పు కాదు. 'ఆన్ ఈదర్ సైడ్ ఆఫ్ ద రోడ్' అంటే మాత్రం రోడ్డుకి రెండు వైపులా అని.

ఎవరిది వారికి విడిగా అని చెప్పాలంటే ఈచ్. ముగ్గురు, ఆపైన అయితే నైదర్ బదులు నన్. ఇక ఈదర్ అనాలా, ఐదర్ అనాలా అంటారా? ఏదన్నా పర్వాలేదు.