స్టేట్ టేబుల్‌ను స్క్రిప్ట్‌తో రాయించుకుంటే: ఆరేళ్ల వాడకం తర్వాత

నా ప్రోగ్రామ్ పని చిన్నది. టెర్మినల్‌లో నడిచిన సెషన్‌ను రికార్డు చేసుకుని, అడిగినప్పుడు రంగులతో సహా మళ్లీ ఆడించి చూపిస్తుంది. అందుకు వచ్చే ప్రతి బైట్‌నూ పట్టుకుని ఇది తెరమీద పడాల్సిన అక్షరమా, కర్సర్‌ను కదిపే ఆదేశమా, రంగు మార్చే ఆదేశమా అని తేల్చాలి. ఆ తేల్చే భాగాన్ని పార్సర్ అంటారు. దానికి గుండెకాయ ఒక స్టేట్ టేబుల్, అంటే ఇప్పుడున్న స్థితిలో (స్టేట్‌లో) ఫలానా బైట్ వస్తే ఏం చేయాలో, తర్వాత ఏ స్థితికి పోవాలో చెప్పే పట్టిక. దాన్ని నేను చేత్తో రాయలేదు. దాదాపు 240 లైన్ల పైథాన్ స్క్రిప్ట్ ఒకటి దాన్ని సీ ఫైల్‌గా రాసి పడేస్తుంది. ఈ పద్ధతిలోకి మారి ఆరేళ్లు దాటింది, తిట్టుకున్న రోజులూ ఉన్నాయి, అయినా వదల్లేదు. ఎందుకో రాస్తాను.

అంతకుముందు ఉన్నది స్విచ్‌లో స్విచ్, అంటే విలువను బట్టి ఒక కేసును ఎంచుకునే సీ వాక్యంలో అలాంటిదే ఇంకొకటి. బయటి స్విచ్ స్టేట్‌కు, లోపలిది బైట్‌కు. మొదట్లో చూడ్డానికి ముచ్చటగానే ఉండేది. తర్వాత ఒక్కో టెర్మినల్ ప్రోగ్రామ్ ఒక్కో వింత సీక్వెన్స్ పంపుతుంటే కేసులు పెరిగాయి, కేసుల మధ్య దూకే గోటూలు వచ్చాయి, చివరికి ఏ స్టేట్‌లో ఏ బైట్ వస్తే ఏమవుతుందో చెప్పమంటే నాకే నోట మాట రాని స్థితి. ఎక్కడో కేసును ముగించే ఒక బ్రేక్ మర్చిపోతే కంపైలర్ కిక్కురుమనదు.

ఈ రంగంలో ఉన్నవాళ్లకు పాల్ విలియమ్స్ గీసిన పటం తెలిసే ఉంటుంది. డెక్ కంపెనీ వీటీ500 వరస టెర్మినల్స్ ఎస్కేప్ సీక్వెన్సులను, అంటే ఆదేశాలుగా పనిచేసే బైట్ల వరసలను, ఎలా చదువుతాయో ఆయన ఒక స్టేట్ మెషీన్‌గా గీసి పెట్టాడు. అలాక్రిటీ అనే టెర్మినల్ ప్రోగ్రామ్ వాడే వీటీఈ లైబ్రరీకి కూడా మూలం ఆ పటమే. అందులో 14 స్టేట్లు, 14 పనులు. బైట్‌కు 256 విలువలు కాబట్టి 14 ఇంటూ 256, మొత్తం 3584 గళ్లు. ఒక్కో గడిలో రెండు సంగతులుండాలి: ఏ పని చేయాలి, ఏ స్టేట్‌కు పోవాలి. రెండూ నాలుగేసి బిట్లలో ఇమిడిపోతాయి కాబట్టి గడికి ఒక బైట్ చాలు. 3584 గళ్లను చేత్తో నింపడం మనిషి చేసే పని కాదని వేరే చెప్పాలా?

స్క్రిప్ట్‌లో నేను రాసేవి గళ్లు కావు, రూల్స్. సీఎస్ఐ అంటే కర్సర్, రంగు లాంటి ఆదేశాలకు ముందు వచ్చే గుర్తు. దాని వెంట వచ్చే సంఖ్యలు చదివే సీఎస్ఐ పారామ్ అనే స్టేట్‌లో 30 నుంచి 39 దాకా వస్తే పారామీటర్‌లో కలుపు. 20 నుంచి 2ఎఫ్ దాకా వస్తే దాచి మధ్య స్టేట్‌కు పో. 40 నుంచి 7ఈ దాకా వస్తే ఆదేశం పూర్తయింది, అమలు చేసి గ్రౌండ్‌కు, అంటే మామూలు అక్షరాలు చదివే స్టేట్‌కు, రా. (బైట్ల విలువలన్నీ హెక్సాలోనే, అంటే 16 ఆధారపు అంకెల్లోనే, రాస్తున్నాను.) ఇలాంటివి ఎనభై చిల్లర రూల్స్. పటాన్ని పక్కన పెట్టుకుని ఒక్కో గీతకూ ఒక్కో లైను రాసుకుంటూ పోయాను, ఒక సాయంత్రం పట్టింది. వీటిని 3584 గళ్లుగా విప్పి పరవడం స్క్రిప్ట్ పని.

బయటికొచ్చే ఫైల్‌ను వరసకు 16 గళ్ల చొప్పున అచ్చు వేయిస్తాను. మొదట్లో లైను పొడవు కుదురుతుందనే అలా పెట్టాను. తర్వాత గమనిస్తే ఈ ఆదేశాలను నిర్వచించే ఈసీఎంఏ-48 ప్రమాణం కూడా బైట్లను 16కు 16 పట్టికగానే చూస్తుంది. కాబట్టి సీఎస్ఐ స్టేట్ ముక్క తెరిస్తే, సున్నా నుంచి లెక్కపెడితే రెండో వరసంతా మధ్య బైట్లు, మూడో వరసంతా పారామీటర్లు, నాలుగు నుంచి ఏడు దాకా ముగింపు బైట్లు. ఆ ఏడో వరస చివరి గడి మాత్రం వేరుగా ఉంటుంది, అది డిలీట్. ఎక్కడైనా ఒక గడి పక్కవాటితో పొసగకుండా ఉంటే కంటికి ఇట్టే తగులుతుంది. కోలన్ సంగతి అలాగే బయటపడింది. మూలపటంలో కోలన్, అంటే 3ఏ, వస్తే ఆ సీక్వెన్స్‌ను పూర్తిగా పక్కన పడేయమని ఉంటుంది. ఇప్పటి ప్రోగ్రాముల్లో కొన్ని, కోటికి పైగా రంగులు చూపించడానికి సంఖ్యల మధ్య కోలన్లు పంపుతాయి. మూడో వరసలో మధ్యలో ఒక్క గడి మాత్రం పరాయిదానిలా కనిపిస్తే ఇదేమిటా అని చూశాను. రెండు రూల్స్ సవరించాను, రంగులు వచ్చాయి.

అయితే టేబుల్ అందం కోసం నేను ఈ పద్ధతిలో లేను. వేగం కోసం అసలే కాదు. స్క్రిప్ట్ నాతో పోట్లాడుతుంది, అందుకే ఉన్నాను. టేబుల్ రాసే ముందు అది రెండు లెక్కలు చూస్తుంది. ఏ గడైనా ఖాళీగా మిగిలిందా? ఏ గడినైనా రెండు రూల్స్ నాదంటే నాదన్నాయా? ఏ ఒక్కటి దొరికినా ఫైల్ రాయకుండా ఆగిపోయి, స్టేట్ పేరు, బైట్, తగువు పడిన రెండు రూల్స్ లైన్ నంబర్లు చెబుతుంది. ఈ రెండు పరీక్షలూ కలిపి పదిహేను లైన్లుండవు. స్విచ్‌లో ఈ భద్రత ఎక్కడిది? అక్కడ డిఫాల్ట్ అనేది ఒకటుంటుంది, మనం మర్చిపోయినవన్నీ చప్పుడు చేయకుండా దాని కడుపులోకి పోతాయి.

దీని విలువ నాకు తెలిసొచ్చింది తెలుగు వల్ల. చాలాకాలం నా ప్రోగ్రామ్‌లో నేను చూసినవన్నీ ఇంగ్లీషు లాగ్‌లే. ఒకరోజు తెలుగు ఫైల్ పేర్లున్న సెషన్ ఆడిస్తే తెర గందరగోళమైంది. మ, న, ర, ల సరిగ్గానే వచ్చాయి. క, గ, సున్నా వచ్చిన చోటల్లా డబ్బాలు. ‘మాట వినరా’ అనేది ‘మా’ దగ్గర ఆగి మిగతాదంతా మాయం, దాని కింది లైను మొదలు కూడా. ఛ వస్తే ఇంకా విచిత్రం, కర్సర్ లైను మొదటికి దూకింది.

దెయ్యం పట్టినట్టున్నా కారణం సూటిగానే ఉంది. యూనికోడ్ అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి మూడు బైట్లు. ట అంటే ఈ0, బీ0, 9ఎఫ్. పాత 8 బిట్ల పద్ధతిలో 80 నుంచి 9ఎఫ్ దాకా ఉన్న బైట్లు అక్షరాలు కావు, ఆదేశాలు. ఏ స్టేట్‌లో ఉన్నా వాటిని పట్టించుకోవాలని పటం చెబుతుంది. 9ఎఫ్ అంటే ‘ఇక్కడి నుంచి అప్లికేషన్‌కు పంపే సందేశం మొదలు’ అని. అందుకే ట తర్వాత వచ్చినవన్నీ ఆ సందేశంలో భాగమనుకుని నా పార్సర్ మింగేసింది. న్యూలైన్‌ను కూడా వదల్లేదు. ఛ మూడో బైట్ 9బీ, అంటే సీఎస్ఐ ఆరంభం. ఆ వెంటనే వచ్చిన అక్షరం మొదటి బైట్ ఈ0. పై బిట్ తీసేస్తే అది 60, అడ్డంగా ఫలానా గడికి వెళ్లమనే ఆదేశం. నంబర్ ఇవ్వలేదు కాబట్టి ఒకటో గడికి పోయింది. మ మూడో బైట్ ఏఈ, ఆదేశాల పరిధి బయట ఉంది కాబట్టి బతికిపోయింది. వర్ణమాలలో ఎవరు బతకాలో ఎవరు పోవాలో యూనికోడ్ వరస నంబరు తేల్చేసిందన్నమాట.

సరే, గ్రౌండ్ నుంచి యూటీఎఫ్-8 కోసం మూడు కొత్త స్టేట్లు పెడదామనుకున్నాను: ఇంకా ఒక బైట్ రావాలి, రెండు రావాలి, మూడు రావాలి. రూల్స్ రాసి స్క్రిప్ట్ నడిపితే వెంటనే ఆగింది. కొత్త స్టేట్‌లో 80 అనే బైట్‌ను నా కొత్త రూల్ ఒకటి, ‘ఎక్కడున్నా సరే’ అనే పాత రూల్ ఒకటి అడుగుతున్నాయని చెప్పింది. నేను పాత రూల్ సంగతే మర్చిపోయాను. పరీక్ష లేకపోతే చివర రాసిన రూల్ గెలిచేది, అది ఏదో నా అదృష్టం. అప్పటి నుంచి ఒక రూల్‌ను ఇంకో రూల్ తొక్కేయాలంటే ‘తొక్కు’ అని నేనే స్పష్టంగా రాయాలి. లేకపోతే స్క్రిప్ట్ ఒప్పుకోదు.

ఇంకో చిక్కు. స్టేట్లు 17 అయ్యాయి. ‘స్టేట్ మారదు’ అనడానికి సున్నా వాడుకున్నాను కాబట్టి మొత్తం 18 విలువలు కావాలి. నాలుగు బిట్లలో 16కు మించి పట్టవు. చేత్తో రాసిన టేబుల్ అయితే ఇక్కడ కూలబడి ఏడవాల్సిందే. స్క్రిప్ట్‌లో గడి వెడల్పు 8 నుంచి 16 బిట్లకు మార్చాను, సీ వైపు చదివే మాక్రోలు రెండు దిద్దాను. అరగంట కూడా పట్టలేదు. 17 ఇంటూ 256, 4352 గళ్లు, గడికి రెండు బైట్ల చొప్పున 8704 బైట్లు.

అక్కడితో అయిపోయిందనుకున్నాను. ‘వరస జాబితా’ అని విండో శీర్షిక పెట్టే సీక్వెన్స్ వచ్చింది. శీర్షిక ‘వరస’తో తెగిపోయి, తెరమీద తలలేని ‘ాబితా’ పడింది. జ మూడో బైట్ 9సీ, స్ట్రింగ్ ముగింపు. నేను కాపలా పెట్టింది గ్రౌండ్ స్టేట్‌కే, శీర్షిక చదివే స్టేట్‌కు కాదు. ఈసారి అతుకులు మానేసి అదే రూల్స్ నుంచి రెండు టేబుళ్లు రాయించాను. ఒకటి పాత 8 బిట్ల పద్ధతికి, ఇంకొకటి యూటీఎఫ్-8కు. రెండోదాంట్లో 80 నుంచి 9ఎఫ్ దాకా ఉన్న ‘ఎక్కడున్నా సరే’ రూల్స్ పూర్తిగా ఎత్తేశాను. స్క్రిప్ట్‌కు ఒక షరతు తోడైంది, అంతే. బైట్లను ముందే డీకోడ్ చేసి పార్సర్‌కు పంపితే ఇదంతా ఉండేది కాదు కదా అని అడిగేవాళ్లుంటారు. నిజమే, ఇవాళ కొత్తగా మొదలుపెడితే అలాగే చేస్తాను.

ఇక తిట్టుకున్న రోజులు.

మొదటి ఏడాది, రూల్ ఒక్కటి మార్చినా కమిట్‌లో ఫైలంతా మారినట్టు కనిపించేది. ఏమీ మార్చకుండా రెండుసార్లు నడిపినా ఫైల్ ఒకలా ఉండేది కాదు. స్టేట్ల పేర్లను వరసకు హామీ లేని పైథాన్ సెట్‌లో పెట్టి, అందులోంచి వచ్చిన వరసలో నంబర్లిచ్చాను. పైథాన్ 3.3 నుంచి, అంటే 2012 నుంచి, స్ట్రింగ్‌ల హ్యాష్, అంటే వాటి నుంచి లెక్కగట్టే సంఖ్య, ప్రతి నడకకూ మారుతుంది. కాబట్టి సెట్ వరసా మారుతుంది, దాంతో నంబర్లూ మారతాయి. ప్రోగ్రామ్ సరిగ్గానే నడిచేది, అందుకే ఆలస్యంగా దొరికింది. సెట్ తీసేసి లిస్ట్ పెట్టాను. ఫైల్ తలమీద ‘తయారైన తేదీ’ అని ఘనంగా అచ్చు వేయించుకున్న లైనును కూడా అదే రోజు పీకేశాను. ఒకే ఇన్‌పుట్‌కు ఒకే అవుట్‌పుట్, ఒక్క బైట్ తేడా లేకుండా రావాలి. అది లేకపోతే ఈ పద్ధతి మొత్తం దండగ.

రెండోది పూర్తిగా నా తప్పే. రాత్రిపూట తొందరలో, స్క్రిప్ట్ తెరిచే ఓపిక లేక, తయారైన సీ ఫైల్‌లోనే ఒక గడి మార్చి పంపేశాను. మూడు నెలల తర్వాత వేరే పని మీద స్క్రిప్ట్ నడిపితే ఆ సవరణ ఎగిరిపోయింది, పాత బగ్ తిరిగొచ్చింది. ఒకసారి సరిచేసినదాన్ని మళ్లీ వెతుక్కోవడమంత చిరాకు ఇంకోటి లేదు. ఇప్పుడు ప్రతి కమిట్‌కూ స్క్రిప్ట్ మళ్లీ నడుస్తుంది, వచ్చిన ఫైల్ రిపాజిటరీలో ఉన్నదానితో తేడా పడితే బిల్డ్ ఆగిపోతుంది. బ్రాంచ్‌లు కలిపేటప్పుడు ఆ ఫైల్‌లో గొడవ వస్తే దాన్ని కూర్చుని విడదీయను, రూల్స్ కలిపి కొత్తగా రాయిస్తాను.

తయారైన ఫైల్‌ను అసలు కమిట్ చేయాలా అన్నది తెగని వాదన. లైనక్స్ కెర్నల్ ఇలా తయారైన పార్సర్ ఫైళ్లను చాలాకాలం తనతోనే మోసింది. 4.16 వెర్షన్ నుంచి వాటిని బిల్డ్ సమయంలోనే తయారు చేసుకుంటోంది, వాటిని రాసే ఫ్లెక్స్, బైసన్ అనే పనిముట్లు తప్పనిసరి అయ్యాయి. ఎడిటర్లు కోడ్‌ను చదవడానికి వాడే ట్రీ-సిట్టర్ గ్రామర్లలో దానికి ఎదురు, తయారైన సీ ఫైల్‌ను కమిట్ చేయడమే అలవాటు. అవి మెగాబైట్లలో ఉండటం మామూలే, తెరిస్తే ఎడిటర్ నీరసపడుతుంది. నాది చిన్న ఫైల్. నా కోడ్ కంపైల్ చేసేవాళ్లందరి దగ్గరా పైథాన్ ఉండాలని షరతు పెట్టడం నాకు నచ్చదు. కాబట్టి కమిట్ చేస్తాను, రివ్యూలో మాత్రం దాని డిఫ్ ముడుచుకుని ఉండేలా గిట్ అట్రిబ్యూట్స్‌లో గుర్తు పెట్టాను. చూడాల్సింది రూల్స్ ఫైల్‌ను.

వేగం గురించి ఒక్క మాట. పాత స్విచ్‌తో పోల్చి కొలిచాను. నా మెషీన్‌లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. టేబుల్ ప్రాసెసర్ దగ్గరి క్యాష్‌లో పట్టేస్తుంది, అంతకుమించి గొప్పలు లేవు. పార్సింగ్ కన్నా అక్షరాలను తెరమీద గీయడానికే ఎక్కువ సమయం పోతోంది.

ఇంకా మింగుడుపడనిది డీబగ్గింగ్. స్విచ్‌లో అయితే ఫలానా కేసు మీద బ్రేక్‌పాయింట్ పెట్టొచ్చు. ఇక్కడ ప్రతి బైట్‌కూ నడిచేది అదే ఒక్క లైను, డీబగ్గర్‌లో కనిపించేది ఏదో అంకె. స్టేట్ల పేర్లు, పనుల పేర్లు కూడా స్క్రిప్ట్‌తోనే వేరే పట్టికగా రాయించి, డీబగ్ బిల్డ్‌లో ప్రతి మార్పునూ పేర్లతో లాగ్ చేస్తాను. పని నడుస్తుంది, హాయి మాత్రం లేదు.

లోపల లోపల బ్రాకెట్లుండే భాషలకు ఇది పనికిరాదు. స్టేట్ ఒక్కటి చాలదు, ఎంత లోతుకు వెళ్లామో గుర్తుంచుకునే స్టాక్ కావాలి. అక్కడ బైసన్ వాడాలి, లేదా ఫంక్షన్లు ఒకదాన్నొకటి పిలుచుకునే రికర్సివ్ డిసెంట్ పార్సర్‌ను చేత్తో రాసుకోవాలి. జీసీసీ కంపైలర్ కూడా సీ++ పార్సర్‌ను 3.4లో, సీ పార్సర్‌ను 4.1లో బైసన్ నుంచి చేతిరాతకు మార్చుకుంది. బైట్ చూసి స్టేట్ మార్చుకునే ప్రోటోకాల్స్, సీఎస్‌వీ లాంటి ఫైళ్లు, ఎస్కేప్ సీక్వెన్సులు, వీటికి మాత్రం నిక్షేపంగా సరిపోతుంది.

నిన్ననే ఇంకో రూల్ చేర్చాను. శీర్షిక సీక్వెన్స్‌ను కొన్ని ప్రోగ్రాములు గంట బైట్‌తో, అంటే 07తో ముగిస్తాయి. యూటీఎఫ్-8 టేబుల్‌లో దాన్ని ఎప్పుడో పెట్టాను, 8 బిట్ల టేబుల్‌లో మర్చిపోయాను. స్క్రిప్ట్ పట్టుకోలేకపోయింది, ఎందుకంటే ఆ గడి ఖాళీగా లేదు, ‘పట్టించుకోకు’ అని నేనే నింపి పెట్టాను.